వెన్నుకు సిమెంటు.. మరి ఎముకకు?

ఆపరేషన్ బల్ల మీద ఒక పెద్దావిడ బోర్లా పడుకుని ఉన్నారు. మెలకువగానే ఉన్నారు. నడుముకు కాస్త పైన చర్మానికి, లోపలి కండకు మత్తుసూది ఇచ్చారు. పక్కన వంగి నిలబడ్డ ఎక్స్‌రే యంత్రం ఆమె వెన్నుపూసల వరుసను తెర మీద చూపిస్తోంది. అందులో ఒక పూస ముందువైపు అణిగిపోయి, ఏటవాలుగా కనిపిస్తోంది. డాక్టరు గొట్టంలాంటి సూదిని ఎముకకు తగిలేదాకా దించారు. మెల్లగా టక్కు టక్కుమని తట్టారు. గదిలో ఇంకో పక్క ఎవరో పొడిలో ద్రవం పోసి కలుపుతున్నారు. గోళ్లరంగు సీసా మూత తీసినప్పుడు వచ్చేలాంటి ఘాటు వాసన గదంతా పరుచుకుంది. సిమెంటు తయారైంది. అది ఆమె వెన్నులోకి మాత్రం వెళ్లలేదు. కలిపిన చోటే గట్టిపడింది. సూది తీసేసి, చిన్న పట్టీ వేసి, ఆమెను వార్డుకు పంపేశారు. తన వెన్నులో సిమెంటు ఉందో లేదో ఆమెకు తెలియదు.

ఇలా జరగవచ్చని ఆమెకు ముందే చెప్పారు. ఒప్పుకుని సంతకం చేశాకే బల్ల ఎక్కారు. ఆస్ట్రేలియాలో రేచల్ బుక్‌బైండర్ బృందం 78 మందితో చేసిన పరీక్ష ఇది. ఎముకలు గుల్లబారి వెన్నుపూస విరిగినవారిలో దాదాపు సగం మందికి నిజంగా సిమెంటు ఎక్కించారు. మిగతావారికి సూది, తట్టిన చప్పుడు, వాసన.. అంతవరకే. ఫలితం 2009 ఆగస్టు 6న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. మూడు నెలల తర్వాత నొప్పిని పదికి ఎంత అని లెక్కిస్తే, సిమెంటు పడ్డవారికి సగటున 2.6 తగ్గింది. పడనివారికీ 1.9 తగ్గింది. ఆ తేడా కాకతాళీయంగానూ వచ్చేంత చిన్నది. అదే సంచికలో డేవిడ్ కాల్మెస్ బృందం 131 మందితో చేసిన ఇంకో పరీక్ష కూడా అచ్చయింది. నెల రోజుల తర్వాత చూస్తే అక్కడా రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పటికి పాతికేళ్లుగా ప్రపంచమంతా చేస్తున్న చికిత్స మీద ఒకే రోజు రెండు పిడుగులు పడ్డాయి.

ఏటా అక్టోబరు 20న ప్రపంచ ఆస్టియోపొరోసిస్ (ఎముకల గుల్లదనం) దినం వస్తుంది. ఆ రోజుల్లో ఎముకల డాక్టర్ల ఇంటర్వ్యూలు, ఆసుపత్రుల ప్రకటనలు విరివిగా కనిపిస్తాయి. కోత లేదు, కుట్లు లేవు, పొద్దున చేస్తే సాయంత్రం ఇంటికి పంపిస్తాం అనే మాట వాటిలో తరచూ వినిపిస్తుంది. ఇక ఇంట్లో పెద్దావిడ నొప్పితో మంచం మీద మూలుగుతుంటే కొడుకులు, కోడళ్లు, అమెరికా నుంచి ఫోన్ చేసే కూతురు అందరూ అడిగేది ఒకటే. మామూలు సిమెంటు మంచిదా, బెలూన్ సిమెంటు మంచిదా? ఈ నలభై ఏళ్ల అనుభవాన్ని, పరీక్షల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ప్రశ్న కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. సిమెంటు ఈ మనిషికి, ఈ వారంలో అవసరమా? విరిగిన పూస సంగతి సరే, విరగబోయే పూసల సంగతేమిటి?

కలుక్కుమన్న క్షణం

ఈ ఎముక విరగడానికి ప్రమాదం జరగక్కర్లేదు. నీళ్ల బిందె ఎత్తబోతే చాలు, మంచం కింది పెట్టె లాగితే చాలు, గుంతల రోడ్డు మీద ఆటో ఒక్కసారి ఎగిరిపడితే చాలు. నడుములో కలుక్కుమంటుంది. ‘పట్టేసింది’ అనుకుంటారు. నూనె రాస్తారు, కాపడం పెడతారు, మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుంటారు. పడుకుంటే కాస్త నయం, లేచి కూర్చుంటే ప్రాణం పోతుంది. ఎక్కువగా విరిగేది వీపు, నడుము కలిసే చోట ఉండే పూసలు. పక్కటెముకల ఆసరా ఉన్న పైభాగం పెద్దగా కదలదు, నడుము కదులుతుంది. ఆ రెండింటి మధ్య బరువంతా పడేది అక్కడే. గుల్లబారిన పూస చెద తిన్న దూలం లాంటిది. పైకి దూలంలాగే ఉంటుంది. ఒక రోజు మామూలు బరువుకే కుంగిపోతుంది.

ఇలా కుంగిన పూసల్లో సుమారు మూడింట రెండు వంతులు డాక్టరు దాకా రానే రావు. నొప్పి తక్కువగా ఉండటం ఒక కారణం. ‘ముసలితనం వచ్చింది, నడుం వంగింది’ అని ఇంట్లోవాళ్లు సర్దుకుపోవడం ఇంకో కారణం. అమ్మమ్మ గూనిని మనం వయసు ఖాతాలో రాసేస్తాం. దాని లోపల ఒకదాని తర్వాత ఒకటిగా విరిగిన రెండు మూడు పూసలు ఉండి ఉండవచ్చని తట్టదు. వీపు ముందుకు వంగేకొద్దీ పక్కటెముకలు పొట్ట మీదికి దిగుతాయి. ఊపిరి నిండుగా అందదు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది. తిండి తగ్గుతుంది, కండ కరుగుతుంది, తూలిపడటం పెరుగుతుంది. ఆ పడటంలో తుంటి విరిగితే మంచాన పడటమే.

మన దగ్గర ఇందుకు తోడైన కారణాలు కొన్ని ఉన్నాయి. భారతీయ మహిళలకు ముట్లు ఆగిపోయే వయసు పాశ్చాత్య దేశాలవారి కంటే కొన్నేళ్లు ముందే వస్తుంది. దానికి తోడు గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు. ఇవి దేశంలో అత్యధికంగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. ముప్పై అయిదేళ్లకే ఆ ఆపరేషన్ చేయించుకున్న కూలీ మహిళకు అండాశయాలు కూడా తీసేసి ఉంటే, ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ ఆ రోజే ఆగిపోయినట్టు. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే అలసిపోయే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ చేసినప్పుడు ఆమెకు ఎముకల గురించి ఎవరు చెప్పారు? పాతికేళ్ల తర్వాత వెన్నుపూస విరిగి వచ్చినప్పుడు పాత ఆపరేషన్ సంగతి ఎవరు అడుగుతున్నారు? ఈ రెండు సంఘటనలను కలిపే దారం మన వైద్యంలో తెగిపోయి ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో సి.వి. హరినారాయణ్ బృందం 2000 తర్వాతి దశాబ్దంలో చేసిన అధ్యయనాలు ఇంకో సంగతి బయటపెట్టాయి. ఏడాది పొడవునా ఎండ కాసే మన ప్రాంతంలోనే, ఆరోగ్యంగా ఉన్నవారిలో సైతం విటమిన్ డి లోపం విస్తారంగా ఉంది. తిండిలో క్యాల్షియమూ తక్కువే. ఉబ్బసానికో, కీళ్లవాతానికో ఏళ్ల తరబడి వాడే స్టెరాయిడ్లను కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

> పూస విరిగిందేమోనని అనుమానించాల్సినవి
> వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లకు పైగా తగ్గడం. గోడకు వీపు ఆనించి నిలబడితే తల వెనక భాగం గోడను తాకకపోవడం. ఇదివరకు అందిన అలమర పై అర ఇప్పుడు అందకపోవడం, చీర కుచ్చిళ్లు నేలను జీరాడటం. దెబ్బ తగలకుండానే మొదలై, నిలబడితే పెరిగి పడుకుంటే తగ్గే నడుం నొప్పి. యాభై దాటాక ఒకసారి మణికట్టు విరిగి ఉండటం.

ఆమియన్‌లో మొదలైన సూది

ఎముకలో సిమెంటు పోయడం అనే ఆలోచన వెన్నుతో మొదలవలేదు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అరవై ఏళ్లకు పైగా కిందటే తుంటి కీలు మార్పిడిలో కృత్రిమ కీలును ఎముకకు పట్టించడానికి ఈ యాక్రిలిక్ సిమెంటు వాడారు. 1984లో ఫ్రాన్స్‌లోని ఆమియన్ పట్టణంలో న్యూరోసర్జన్ పియర్ గాలిబేర్, రేడియాలజిస్టు ఎర్వే దెరామోన్ దాన్ని సూది ద్వారా మెడలోని రెండో పూసలోకి ఎక్కించారు. ఆ రోగికి ఉన్నది ఎముకల గుల్లదనం కాదు, పూసను తొలిచేస్తున్న రక్తనాళాల గడ్డ. నొప్పి తగ్గింది. 1987లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. వెర్టిబ్రోప్లాస్టీ పుట్టింది అలా. ఒక అరుదైన జబ్బుకు పుట్టిన చికిత్స కొద్ది ఏళ్లలోనే లక్షలాది మందికి వచ్చే జబ్బుకు పాకింది. నిజంగా పనిచేస్తోందా అని కట్టుదిట్టంగా తేల్చుకునే పరీక్ష మాత్రం పాతికేళ్లకు గానీ రాలేదు. ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ ఆలస్యమే. కొత్త మాత్ర మార్కెట్లోకి రావాలంటే డమ్మీ మాత్రతో పోల్చి నిరూపించమంటాం. సూదికి, పరికరానికి ఆ నియమం అంత కచ్చితంగా అమలు కాలేదు.

1998లో అమెరికాలో బెలూన్ వచ్చింది. కాలిఫోర్నియాకు చెందిన ఎముకల సర్జన్ మార్క్ రైలీ రూపొందించిన ఈ పద్ధతి పేరు కైఫోప్లాస్టీ. సూది దారిలోనే ఒక చిన్న బెలూన్‌ను పూసలోకి పంపి ఉబ్బిస్తారు. కుంగిన పూస కాస్త పైకి లేస్తుంది, లోపల ఖాళీ ఏర్పడుతుంది. బెలూన్ తీసేసి ఆ ఖాళీలో చిక్కటి సిమెంటు నింపుతారు. వినడానికి ఇదే సబబుగా అనిపిస్తుంది. కుంగినదాన్ని లేపడం ఎవరికి నచ్చదు? ఈ బెలూన్‌ను తయారుచేసిన కైఫాన్ కంపెనీని 2007లో మెడ్‌ట్రానిక్ సుమారు 390 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మరుసటి ఏడాదే ఆ విభాగం అమెరికా న్యాయశాఖకు 7.5 కోట్ల డాలర్లు చెల్లించి ఒక కేసును పరిష్కరించుకుంది. రోజులో ఇంటికి పంపగలిగే రోగులను రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి ఎక్కువ బిల్లు వేయమని ఆసుపత్రులకు సలహా ఇచ్చిందన్నది ఆరోపణ. ఒక చికిత్స చుట్టూ ఇంత డబ్బు తిరుగుతున్నప్పుడు ‘కొత్తది కాబట్టి మంచిది’ అనే మాటను నిలబెట్టి ప్రశ్నించడం రోగి హక్కు.

> ఏమిటీ సిమెంటు?
> ఇళ్లు కట్టే సిమెంటుకు దీనికి సంబంధం లేదు. ఇది పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. పొడి, ద్రవం కలిపితే నిమిషాల్లో టూత్‌పేస్టులా చిక్కబడుతుంది, వేడెక్కుతూ గట్టిపడుతుంది. పల్చగా ఉన్నప్పుడే తోస్తే పగుళ్ల గుండా, రక్తనాళాల గుండా బయటికి కారుతుంది. ఒక్కో పూసకు పట్టేది కొద్ది మిల్లీలీటర్లే. ఒకసారి గట్టిపడ్డాక ఎముకలా పెరగదు, మారదు, కరగదు.

రెండింటిలో ఏది?

ఇక్కడ ఇంటివాళ్ల ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. నొప్పి తగ్గించడంలో, తిరిగి నడిపించడంలో రెండింటికీ పెద్ద తేడా తేలలేదు. అమెరికా, కెనడాల్లో 381 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒకరికి సూది, ఇంకొకరికి బెలూన్ పద్ధతి చేసి పోల్చిన పరీక్ష 2014లో అచ్చయింది. చాలినంత మంది చేరక అది మధ్యలోనే ఆగిపోయింది. ఉన్నంతలో నొప్పి, కదలిక ఇరువైపులా దాదాపు సమానంగానే మెరుగుపడ్డాయి. బెలూన్ వైపు సిమెంటు కారడం తక్కువ, పూస ఎత్తు కొంత ఎక్కువగా తిరిగి వస్తుంది. ఇది నిజమే. కానీ బెలూన్‌ను దించి తీసేయగానే లేచిన ఎత్తులో కొంత మళ్లీ పోతుంది. మిగిలిన ఆ కొద్ది మిల్లీమీటర్లు మనిషి జీవితంలో ఏ తేడా తెచ్చాయన్నది ఎక్స్‌రే ఫిల్ము చెప్పలేదు, మనిషే చెప్పాలి. మనుషులు చెప్పినదాంట్లో ఆ తేడా కనిపించలేదు.

ఇంకో సంగతి ఉంది. అమెరికన్ ఎముక, ఖనిజ పరిశోధన సంఘం నియమించిన నిపుణుల బృందం 2019లో ఇచ్చిన నివేదికలో రెండు పద్ధతుల గురించీ మాట్లాడింది. వెర్టిబ్రోప్లాస్టీ ఉత్తుత్తి సూది కంటే చెప్పుకోదగ్గ మేలు చేసినట్టు రుజువు కాలేదంది. కైఫోప్లాస్టీని అసలు ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన పరీక్షే అప్పటికి లేదంది. దాని పేరుతో చెప్పే పెద్ద పరీక్ష 2009లో లాన్సెట్‌లో వచ్చిన 300 మందిది. అందులో బెలూన్ వేసినవారు మందులతో సరిపెట్టుకున్నవారి కంటే నెల రోజులకు బాగా కోలుకున్నారు. అయితే ఎవరికి ఏ చికిత్స జరిగిందో అందరికీ తెలుసు, ఏడాది గడిచేసరికి ఆ తేడా చాలావరకు తరిగిపోయింది. 2009లో సూది పద్ధతి పరీక్షకు నిలబడి దెబ్బతింది. బెలూన్ ఆ పరీక్షకు నిలబడకుండానే దాటిపోయింది. వెర్టిబ్రోప్లాస్టీకి ఎదురుదెబ్బ తగిలాక చాలాచోట్ల డాక్టర్లు బెలూన్ వైపు మొగ్గారు. పరీక్ష తప్పినవాడి కంటే పరీక్ష రాయనివాడు మేలని అనుకోవడం లాంటిదే ఇది. మన దగ్గర బెలూన్ సామగ్రికి అయ్యే అదనపు ఖర్చు ఎక్కువ భాగం కుటుంబమే భరించాల్సి వస్తుంది. ఆ డబ్బు దేనికి పోతోందో వాళ్లకు తెలియాలి.

కథ అక్కడితో అయిపోలేదు

2009 ఫలితాలతో సిమెంటును చెత్తబుట్టలో వేసేయమంటే అదీ న్యాయం కాదు. సిమెంటును సమర్థించే డాక్టర్లు లేవనెత్తిన అభ్యంతరాల్లో బలం ఉంది. ఆ పరీక్షల్లో చేరినవారిలో చాలామందికి పూస విరిగి వారాలు కాదు, నెలలు గడిచాయి. అప్పటికే సగం అతుక్కున్న ఎముకలో సిమెంటు పోస్తే కొత్తగా ఒరిగేదేమిటి? విలవిల్లాడే నొప్పితో ఆసుపత్రిలో పడి ఉన్నవారు చీటీ తీసి తేల్చే పరీక్షలో చేరడానికి ఒప్పుకుంటారా? ఉత్తుత్తి చికిత్సలో ఎముక దాకా మత్తుమందు ఇచ్చారు, దాని వల్లనే కొంత ఉపశమనం వచ్చి ఉండదా?

ఈ ప్రశ్నలకు సిడ్నీలో విలియం క్లార్క్ బృందం జవాబు వెతికింది. ఆరు వారాల లోపు విరిగినవారిని, నొప్పి పదికి ఏడు లేదా ఆపైన ఉన్నవారిని మాత్రమే 120 మందిని తీసుకున్నారు. ఉత్తుత్తి చికిత్సలో మత్తుమందును చర్మం కిందే ఆపేశారు. సిమెంటును పూస నిండేలా ఎక్కించారు. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం, రెండు వారాలకు నొప్పి నాలుగు కంటే కిందికి దిగినవారు సిమెంటు వర్గంలో 44 శాతం, ఉత్తుత్తి వర్గంలో 21 శాతం. రెట్టింపు. తేడా ఎక్కువగా కనిపించింది వీపు, నడుము కలిసే చోటి పూసల్లో. ఆ వెంటనే 2018లో నెదర్లాండ్స్ నుంచి 180 మందితో చేసిన మరో పరీక్ష బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అందులో సిమెంటుకు, ఉత్తుత్తి చికిత్సకు తేడా తేలలేదు. దాంట్లో మత్తుమందు ఎముక పొర దాకా వెళ్లింది. అదే నెదర్లాండ్స్‌లో, మూడు నెలలు దాటినా ఎంఆర్‌ఐలో పూస లోపల వాపు తగ్గని 80 మందితో చేసిన పరీక్ష 2023లో సిమెంటు వైపు మొగ్గింది.

ఇవన్నీ చదివి ‘ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు, ఏం నమ్మాలి’ అని చేతులెత్తేయక్కర్లేదు. వీటన్నిటి మధ్య ఒక దారి కనిపిస్తోంది. పూస విరిగిన ప్రతి మనిషికీ సిమెంటు పోస్తే మేలు ఉత్తుత్తి సూదిని మించదు. ఈ మధ్యే విరిగి, భరించలేని నొప్పితో మంచం దిగలేక, ఎంఆర్‌ఐలో ఆ పూసే పచ్చిగా కనిపిస్తూ, మందులకు లొంగని కొద్దిమందికి మేలు జరిగే అవకాశం ఉంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో రెండు పద్ధతులకూ అనుమతి ఇచ్చింది సరిగ్గా ఇలాంటి హద్దులతోనే. ఆస్ట్రేలియా 2011లో ప్రభుత్వ బీమా నుంచి వెర్టిబ్రోప్లాస్టీని తీసేసి, 2020లో గట్టి షరతులతో మళ్లీ చేర్చింది. ఆ షరతులే ఈ చికిత్స ప్రాణం. ప్రకటనల్లో కనిపించనివీ అవే.

‘మా అత్తగారు మర్నాడే లేచి నడిచారు’

ఈ మాట అబద్ధం కాదు. ఎందరో డాక్టర్లు నిత్యం కళ్లారా చూసే దృశ్యమే. దాన్ని చూసిన డాక్టరుకు అంకెలు చూపించి నమ్మించడం కష్టం. కానీ ఆ దృశ్యంలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీయాలి. నొప్పి పరాకాష్ఠలో ఉన్నప్పుడే మనిషి ఆసుపత్రికి వస్తాడు. పరాకాష్ఠ తర్వాత దేనికైనా దిగుడే. నెదర్లాండ్స్, బెల్జియం డాక్టర్లు 2010లో ప్రచురించిన ఒక పరీక్షకు అర్హులని తేలినవారు 431 మంది. చేర్చుకునే లోపే వారిలో 229 మందికి నొప్పి దానంతటదే తగ్గిపోయింది. మిగిలిన 202 మందితోనే పరీక్ష జరిగింది. ఆ 229 మందికి వచ్చిన మొదటి రోజే సిమెంటు పోసి ఉంటే, వాళ్లందరూ ‘సిమెంటు వల్లే లేచి నడిచాను’ అని ఊరంతా చెప్పేవారు. చెప్పడంలో వాళ్ల తప్పేమీ ఉండదు. చాలామందికి ఈ నొప్పి ఆరు నుంచి పన్నెండు వారాల్లో బాగా తగ్గుతుంది.

‘ఉత్తుత్తి సూదితోనైనా నొప్పి తగ్గితే తగ్గనివ్వండి, మీకేం నష్టం’ అనేవారూ ఉన్నారు. నష్టం ఉంది. సిమెంటు కారడం స్కానులో చూస్తే చాలామందిలో కనిపిస్తుంది. ఎక్కువ మందికి ఏమీ కాదు. కానీ కొద్దిమందికి అది వెన్నుపాము వైపు వెళ్లి కాళ్లు పడిపోవచ్చు, సిరల గుండా ఊపిరితిత్తుల్లో చేరవచ్చు. అరుదే అయినా, మేలు లేని చోట అరుదైన కీడు కూడా ఎక్కువే.

‘సిమెంటు వేసినవారు ఎక్కువ కాలం బతుకుతున్నారు’ అనేది ఇంకో వాదన. అమెరికా మెడికేర్ బీమా రికార్డుల్లో మొదట అలాగే కనిపించింది. 2013లో పరిశోధకులు అవే రికార్డులను ఇంకాస్త లోతుగా చూశారు. సిమెంటు వేయించుకున్నవారు వేయించుకోకముందే మిగతావారి కంటే ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. అంటే గట్టిగా ఉన్నవారినే బల్ల ఎక్కించారు. ఆ తేడాను సరిచేసి, సమానులను సమానులతో పోల్చాక ఆయుష్షులో తేడా పోయింది. అదే, తుంటి విరిగినవారికి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు ఇచ్చి 2,127 మందితో, చీటీ తీసి తేల్చే పద్ధతిలోనే చేసిన పరీక్ష 2007లో వచ్చింది. మందు పడ్డవారిలో మరణాలు 28 శాతం తగ్గాయి. ఆయుష్షు కోసమే అయితే చూడాల్సింది ఆ వైపు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మాత్రం మంచం పట్టిన మనిషిది. ఎనభై రెండేళ్ల మనిషిని ‘పన్నెండు వారాలు ఆగండి’ అనడం తేలికే. ఆ పన్నెండు వారాల్లో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది, వీపున పుండ్లు పడతాయి, ఉన్న ఎముక ఇంకా కరుగుతుంది. నొప్పి మాత్రలు ఎక్కువైతే మూత్రపిండాలు, కడుపు దెబ్బతింటాయి. ఘాటు మందులకు మలబద్ధకం, తికమక, తూలి పడిపోవడం. ఇలాంటివారిని నొప్పితో వదిలేయడం క్రూరత్వమే. వీరి కోసమే సిమెంటు మిగలాలి. వేసేముందు మాత్రం కొన్ని తేల్చుకోవాలి. నొప్పి ఉన్న చోటు, ఎంఆర్‌ఐలో పచ్చిగా కనిపించే పూస ఒకటేనా? పాత ఎక్స్‌రేలో ఎప్పుడో కుంగిన పూసను చూసి సూది దించితే ఉపయోగం లేదు. మన దేశంలో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. కుంగిన ప్రతి పూసా గుల్లదనం వల్లే కుంగదు. వెన్నులో క్షయ, మైలోమా అనే రక్త క్యాన్సర్, ఇంకెక్కడో పుట్టి ఎముకకు పాకిన క్యాన్సర్ కూడా పూసను ఇలాగే తినేస్తాయి. క్షయ ఉన్న పూసలో సిమెంటు పోయడం అంటే చీము మీద మూత బిగించడమే. రక్తపరీక్షలు చేయాలి, అనుమానముంటే ముక్క తీసి చూడాలి. ఆ తర్వాతే సిమెంటు.

డిశ్చార్జి కాగితం

సిమెంటు వేసిన పూస ఒక్కటి. గుల్లబారినవి మిగతా పూసలన్నీ, తుంటి, మణికట్టు. కొత్తగా పూస విరిగిన మహిళల్లో దాదాపు అయిదో వంతు మందికి ఏడాది తిరగకుండానే ఇంకో పూస విరుగుతుందని 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. పక్క పూస విరిగితే సిమెంటు గట్టిదనమే కారణమా, జబ్బు ముదరడమా అని ఇంకా వాదనలు నడుస్తున్నాయి. ఏది నిజమైనా చేయాల్సిన పని మారదు. ఆ ఏడాది లోపే ఎముకకు మందు పడాలి. పూస విరిగిందంటేనే గుల్లదనం తీవ్రంగా ఉన్నట్టు. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాను అందుబాటులో లేని ఊళ్లో దాని కోసం నెలల తరబడి ఆగనక్కర్లేదు.

మందుల రుజువులు సిమెంటు రుజువుల్లా తడబడవు. ఏడాదికి ఒక్కసారి సిరలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌ను 7,765 మంది మహిళల్లో మూడేళ్లు పరీక్షించారు. కొత్తగా పూసలు విరిగినవారు ఉత్తుత్తి మందు వర్గంలో 10.9 శాతం, అసలు మందు వర్గంలో 3.3 శాతం. జబ్బు బాగా ముదిరినవారికి, అప్పటికే పూసలు విరిగినవారికి టెరిపరటైడ్ ఉంది. ఇన్సులిన్ లాగా రోజూ చర్మం కింద వేసుకునే సూది ఇది. 2001లో వచ్చిన పరీక్షలో కొత్తగా పూస విరగడాన్ని ఇది 65 శాతం తగ్గించింది. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ కూడా బాగా పనిచేస్తుంది. అయితే దాన్ని మధ్యలో మానేస్తే ఒక్కసారిగా పలు పూసలు విరిగే ప్రమాదం ఉంది. డబ్బులు లేక, ఊరు దూరమై, గుర్తులేక రెండో సూది ఎగ్గొట్టే కుటుంబాలకు ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి. ఏ మందైనా మొదలుపెట్టే ముందు విటమిన్ డి, క్యాల్షియం, మూత్రపిండాల పనితీరు చూడాలి. పళ్లు పీకించుకోవాల్సి ఉంటే ముందే ఆ పని పూర్తిచేసుకోవాలి.

‘క్యాల్షియం మాత్రలు రాశారు కదా, చాలదా?’ అని అడుగుతారు. చాలదు. క్యాల్షియం ఇటుకల లాంటిది. ఎముకను తవ్వుకుపోయే కణాలను ఆపేది, కొత్త ఎముకను కట్టేది ఈ మందులే. ఇటుకలూ కావాలి, నిజమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ముట్లు ఆగిన మహిళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల క్యాల్షియం అవసరం. వంద గ్రాముల రాగిపిండిలో ఉండేది సుమారు 360. రాయలసీమ సంగటి గిన్నెను, తెలంగాణ అంబలి చెంబును మన వంటింట్లో అన్నం ఎప్పుడో పక్కకు నెట్టేసింది. పాలు, పెరుగు పిల్లలకని పక్కన పెట్టి తాను మజ్జిగ నీళ్లతో సరిపెట్టుకునే తల్లులే రేపు వెన్నుపూస విరిగి వచ్చేవారు.

సిమెంటు చికిత్స అయ్యాక ఇచ్చే డిశ్చార్జి కాగితాన్ని ఇంటివాళ్లు ఒకసారి నిదానంగా చదవాలి. ఏ పూసలో ఎంత సిమెంటు ఎక్కించారు, స్కానులో కారినట్టు కనిపించిందా, ఏ మత్తు ఇచ్చారు అన్నవి చాలావరకు ఉంటాయి. నొప్పి మాత్రలు, నడుముకు బెల్టు, పొట్టలో గ్యాసుకు బిళ్ల కూడా ఉంటాయి. ఎముకను గట్టిపరిచే మందు పేరు ఎక్కడుందో వేలు పెట్టి వెతకాలి. లేకపోతే ఆ కాగితం చేతపట్టుకుని లేవకుండా అడగాలి. ఎముకల సర్జన్ చూడకపోతే హార్మోన్ల డాక్టరో, కీళ్లవాతం డాక్టరో చూస్తారు. ఎవరో ఒకరి పేరు అందులో ఉండాలి. కాగితం చివర మళ్లీ ఎప్పుడు రావాలో రాసే చోటు ఉంటుంది. అక్కడ సాధారణంగా వారం తర్వాతి తేదీ ఒకటి వేసి ఉంటుంది, సూది పడ్డ చోటు చూపించుకోవడానికి. జోలెడ్రోనిక్ యాసిడ్ సీసా ఎక్కడానికి పట్టేది 15 నిమిషాలే. దాని తర్వాతి తేదీ వచ్చే ఏడాది. ఆ తేదీని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాసుకోవడానికి ఇంకా కొత్త క్యాలెండర్ రాదు కాబట్టి, ఫోన్లో పెట్టుకోవాల్సింది కొడుకో, కోడలో, అమెరికాలో ఉన్న ఆ కూతురో.